పూతరేకూ మైక్రోమీటరూ

చీబా వైపున్న ఆ షెడ్డు దాకా బస్సు వెళ్లదు. చివరి స్టాపులో దిగి, పొలాల పక్కన ఇరవై నిమిషాలు నడవాలి. నవంబరు నెల. కోతలు ఎప్పుడో అయిపోయాయి. వరి కొయ్యకాళ్లకి మళ్లీ పిలకలు లేచి, దూరం నుంచి చూస్తే రెండో పంట వేశారేమో అనిపిస్తోంది. రోడ్డుకి ఒక పక్క ఈ మళ్లు. ఇంకో పక్క ఎత్తుగా కట్టిన ఇనప రేకుల ప్రహరీలు, వాటి మీంచి తొంగి చూస్తున్న పాత కార్ల గుట్టలు. కానూరు దాటాక ఉయ్యూరు రోడ్డులో నడుస్తున్నట్టే ఉంది నాకు. చలి ఒక్కటే తేడా.

“ఇంత దూరం వచ్చి కూడా మెకానిక్ షెడ్డేనా బావా?” అన్నాడు మా బావమరిది, పూతరేకుల పెట్టెని ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంటూ.

వాడు టోక్యోలో నిషికసాయిలో ఉంటాడు. మన సాఫ్ట్‌వేర్ వాళ్లు చాలామంది కాపురాలు పెట్టిన పేట అది. ఇడ్లీ రవ్వకీ కందిపప్పుకీ కొదవ లేదు. ఎనిమిదేళ్లుగా ఆ దేశంలో ఉండి ఒక్కసారి కూడా స్టీరింగు ముట్టుకోలేదు వాడు. రైళ్లు అంత బాగా నడిచే ఊళ్లో కారెందుకని వాడి వాదన. నాకు క్యోటో గుళ్లు చూపించాలనీ, ఫూజీ కొండ దగ్గర ఫొటోలు తీయాలనీ కాగితం మీద తేదీలతో సహా రాసిపెట్టుకున్నాడు. నేను మాత్రం బయల్దేరక ముందే చెప్పాను, ఏది చూపించినా చూపించకపోయినా ఒక ట్యూనింగ్ షాపు మాత్రం చూపించాల్సిందేనని.

దీనికి వెనక కథ కొంత ఉంది. మా నాన్నకి విజయవాడ ఆటోనగర్లో బోరింగ్ షెడ్డు ఉండేది. ఇంజన్లు దించి బ్లాకులు పట్టుకొస్తే సిలిండర్లు రీబోర్ చేసివ్వడం ఆయన పని. “టెన్ సైజు”, “ట్వంటీ సైజు” అనే మాటలు నాకు ఎక్కాల కంటే ముందే వచ్చాయి. అరిగిపోయిన సిలిండరుని అంగుళంలో వెయ్యోవంతులు పదో ఇరవయ్యో పెద్దది చేసి, ఆ లావుకి తగిన పిస్టన్ వేయడమన్నమాట. ఆ లోకంలో ట్యూనింగ్ అంటే చాలా చిన్న పని. కార్బురేటరు స్క్రూని పావు తిప్పు అటో ఇటో తిప్పి, ఐడిలింగ్ సరిచేసి, “ఇంక మైలేజీ వస్తుంది, తీసుకెళ్లండి” అనడం. బండి ఎక్కువ పరిగెత్తాలని కాదు, తక్కువ తాగాలని. జపాను వాళ్లు అదే మాటని ‘చ్యూనింగు’ అని పలుకుతారు. అర్థం మాత్రం పూర్తిగా తిరగబడింది. కంపెనీ వాడు బిగించి పంపిన ఇంజనుని విప్పి, మళ్లీ కొలిచి, దాని కడుపులో ఇంకా ఎంత దాచుకుందో కక్కించడం. మా నాన్న ఉండుంటే ఆయన్నే పంపేవాణ్ణి. ఆయన లేడు గనక, బ్యాంకులో ఫైళ్లు తిరగేసుకునే నేను వచ్చాను.

ఇలాంటి షాపులకి చెప్పాపెట్టకుండా పోకూడదు. సినిమాల పుణ్యమో, వీడియో గేముల పుణ్యమో, ప్రపంచం నలుమూలల నుంచీ కుర్రాళ్లు కెమెరాలు వేసుకుని దిగిపోతున్నారు. పని చేసుకునేవాళ్ల మీద పడి ఫొటోలు తీయడం, ఎవరిదో కారు తలుపు తెరిచి సీట్లో కూర్చోవడం. మా వాడు తన ఆఫీసులో ఉన్న ఒక కార్ల పిచ్చాయన ద్వారా నెల ముందే మాట్లాడి పెట్టాడు. అటు నుంచి మూడు షరతులు వచ్చాయి. చెప్పకుండా దేన్నీ ముట్టుకోవద్దు. కస్టమర్ల కార్ల నంబరు ప్లేట్లు ఫొటోలో పడకూడదు. షాపు పేరు గానీ చిరునామా గానీ ఎక్కడా రాయకూడదు. మూడోది ఎందుకని అడిగితే, “ఇప్పటికే చేతినిండా పనుంది” అని జవాబు వచ్చిందట. ఆటోనగర్ మొత్తంలో ఆ మాట అనగలిగిన మేస్త్రీని నేను ఒక్కణ్ణే ఎరుగుదును. ఆయన మా నాన్న కాదు.

పేరున్న చోట్లు చూడలేదని కాదు. అంతకు రెండు రోజుల ముందు యోకొహామాలో త్సురుమి వెళ్లాం. నిస్సాన్ రేసు విభాగం నిస్మో ఉండేది అక్కడే. దాని వర్క్‌షాపుని ఒమోరి ఫ్యాక్టరీ అంటారు. ఒకప్పుడు టోక్యోలో ఒమోరి అనే చోట ఉండేదట. 2013లో త్సురుమికి మారినా పాత ఊరి పేరు వదల్లేదు. మన గుడివాడ మిఠాయి కొట్టు హైదరాబాదులో ఉన్నట్టు. షోరూములో రేసు కార్లు, వాటి ముందు గొంతు తగ్గించి మాట్లాడుకునే మనుషులు. అంతా తళతళ. అంత శుభ్రంగా ఉన్న చోట పని జరుగుతోందంటే నాకు నమ్మకం కుదరదు. అది నా లోపం, వాళ్లది కాదు.

ఆ రాత్రే ఆఫీసాయన తన కారులో దైకొకు చూపించాడు. సముద్రం ఒడ్డున, గుండ్రంగా చుట్లు తిరుగుతూ దిగే ఎక్స్‌ప్రెస్ వే దారుల నడుమ ఉన్న పార్కింగు స్థలం అది. నడిచి పోయే దారి లేదు, కారులో చేరాల్సిందే. రకరకాల రంగులు, నేలని రాసుకుంటున్న బంపర్లు, ఫోను లైట్లు. గంట తిరక్కుండానే పోలీసులు వచ్చి మైకులో ఏదో చెప్పారు. కార్లన్నీ బుద్ధిగా వరసకట్టి వెళ్లిపోయాయి. తరచూ ఇంతేనట. తిరునాళ్లకి వెళ్లి రథం కదలకముందే ఇంటికొచ్చినట్టయింది.

చీబా షెడ్డుకి ఈ హంగులేమీ లేవు. రేకుల కప్పు, రెండు రోలింగు షట్టర్లు, సగం వెలిసిపోయిన బోర్డు. పక్కన ఆకులన్నీ రాలి, నారింజ రంగు పళ్లు మాత్రం మిగిలిన చెట్టొకటి. “కాకి” అన్నాడు మా వాడు. నేను పైకి చూశాను. చెట్టు పేరే కాకి అట. మన తునికి చెట్టుకి దగ్గర చుట్టం. పక్కింట్లో ఉండే ముసలావిడది ఆ చెట్టు. ఈ షెడ్డు చప్పుడు ఆవిడ భరిస్తుంది, ఆవిడ చిన్న కారుకి వీళ్లు ఊరికే ఆయిలు మారుస్తారు. లిఖితపూర్వకంగా ఏమీ లేదు.

షట్టరు కింద నుంచి వంగి లోపలికి వెళ్లగానే నా కంటికి ముందు ఆనింది అట్టముక్కలు. కార్లు తర్వాత. విప్పిన ప్రతి భాగం తాలూకు బోల్టుల్నీ, ఆ భాగం ఆకారం గీసిన అట్టముక్కకి కన్నాలు పొడిచి, ఎక్కడివక్కడ గుచ్చిపెట్టారు. ఏ బోల్టు ఏ రంధ్రంలోంచి వచ్చిందో మళ్లీ అక్కడికే పోతుంది. మా షెడ్డులో బోల్టులన్నీ ఒకే డాల్డా డబ్బాలో ఉండేవి. బండి తయారయ్యేసరికి రెండు మూడు మిగిలేవి కూడా.

ఓనరుకి అరవై దాటి ఉంటాయి. ముదురు నీలం ఒంటిజత, దాన్ని త్సునాగి అంటారు, మోకాళ్ల దగ్గర రంగు పోయింది. అందరూ ఆయన్ని శాచో అంటారు. కంపెనీ అధ్యక్షుడని అర్థం. కంపెనీ మొత్తం ముగ్గురు: ఆయన, లెక్కలు చూసే ఆయన భార్య, ఒక వియత్నాం కుర్రాడు. జపానులో ఈతరం పిల్లలకి కార్ల మీద మోజు తగ్గిపోయింది. ‘కురుమా బనారే’ అని దానికొక మాటే పుట్టింది, కారుకి దూరం జరగడం అని. పని నేర్చుకుంటానని వచ్చే స్థానిక కుర్రాడు దొరకడం లేదు. ఈ ఒక్క విషయంలో ఆటోనగర్ వాళ్లూ ఆయనా పక్కపక్కన కూర్చుని గంటలు మాట్లాడుకోగలరు.

ఉత్త చేతులతో ఒకరి గడప తొక్కకూడదనేది అక్కడా ఉంది. ఆత్రేయపురం పూతరేకుల పెట్టె ఇచ్చాం. మా అత్తగారు కొడుకు కోసం మిఠాయి చుట్టని వట్టి రేకులు కూడా ఒక కట్ట విడిగా పంపారు. అదీ పక్కన పెట్టాం. శాచో మిఠాయి జోలికి వెళ్లలేదు. వట్టి రేకు ఒకటి రెండు వేళ్లతో ఎత్తి ట్యూబులైటుకి ఎదురుగా పట్టుకుని, చాలాసేపు చూసి, ఏదో అడిగాడు.

“ఏ మిషను మీద చేస్తారంటున్నాడు బావా.”

బోర్లించిన కుండ, కింద మంట, పల్చగా కలిపిన బియ్యప్పిండి నీళ్లు, అందులో ముంచిన గుడ్డ, కుండ మీద ఒక్క విసురు. నేను చేతులతో అభినయించాను, మా వాడు అనువదించాడు. శాచో సొరుగు లాగి మైక్రోమీటరు తీశాడు. దవడలు తాకీ తాకగానే రేకు పొడైపోయింది. ఇంకోటి తీశాడు. ఈసారి ఊపిరి బిగబట్టి, చివరి రాచెట్ పిడిని గోటితో తిప్పాడు. అదీ పోయింది. మూడోదానికి ఒక అంకె చదివి, వియత్నాం కుర్రాడికి చూపించి, ఇంకో చోట, మరో చోట కూడా కొలిచి మెడ వెనక గోక్కున్నాడు. వాల్వు సందులు సరిచేయడానికి తను వేసే షిమ్ములు కూడా ఇంత సమంగా ఉండవన్నాడట. మర్యాదకే అన్నాడనుకోండి. కానీ ఆ తర్వాత మాట కలిసింది. ‘చెప్పకుండా ముట్టుకోవద్దు’ అనే షరతు ఆ మధ్యాహ్నానికి ఎగిరిపోయింది.

పని బల్ల మీద స్కైలైన్ జీటీ-ఆర్ ఇంజను బ్లాకు ఉంది. 1989లో వచ్చిన ఆర్32 మోడల్‌ది. ఇంజను పేరు ఆర్‌బీ26. వరసగా ఆరు సిలిండర్లు, రెండు టర్బోలు. బోరు 86 మిల్లీమీటర్లు, స్ట్రోకు 73.7, మొత్తం 2568 సీసీ. ఇదేం వంకర అంకె అనిపిస్తుంది. అప్పటి గ్రూప్ ఏ రేసు నిబంధనల్లో టర్బో ఉన్న ఇంజను కొలతని 1.7తో హెచ్చవేసేవారు. అలా వేస్తే ఇది 4500 సీసీ తరగతిలో సరిగ్గా ఇముడుతుంది. రూలు పుస్తకం పక్కన పెట్టుకుని ఇంజను గీశారన్నమాట. గీసినదానికి ఫలితం దక్కింది. 1990 నుంచి 1993 దాకా జపాను టూరింగ్ కార్ల పోటీల్లో 29 రేసులుంటే 29 ఆ కారే గెలిచింది. ఆస్ట్రేలియాలో బాథర్స్ట్ పోటీని 1991లోనూ 1992లోనూ ఎగరేసుకుపోయింది. దానికి గాడ్జిల్లా అని పేరు పెట్టింది ఆ ఆస్ట్రేలియా వాళ్లే.

ఆ చరిత్రంతా అభిమానులు నిద్రలో లేపి అడిగినా చెబుతారు. నన్ను నిలబెట్టేసింది వేరే సంగతి. బ్లాకు మీద, హెడ్డు ఉండాల్సిన చోట, ఒక లావుపాటి ఇనప పలక బిగించి ఉంది. పలకకి సిలిండర్ల కొలతకి తగ్గ రంధ్రాలు. హోనింగ్ రాయి ఆ రంధ్రాల్లోంచి దిగి సిలిండర్లని రుద్దుతుంది. ఎందుకీ పలక? హెడ్డు బోల్టులు బిగించినప్పుడు ఆ బిగువుకి సిలిండరు గోడ రవ్వంత మెలి తిరుగుతుంది. మిల్లీమీటరులో నూరోవంతుల లెక్క. హెడ్డు లేకుండా రుద్ది గుండ్రంగా చేస్తే, రేపు హెడ్డు ఎక్కించాక గుండ్రం పోతుంది. అందుకని ముందే పలక వేసి, హెడ్డుకి బిగించినంత బలంగానే బిగించి, ఆ మెలిలో ఉండగానే రుద్దుతారు. పలక విప్పితే సిలిండరు వంకరగా ఉంటుంది. ఇంజను కూర్చాక గుండ్రమవుతుంది.

శాచో పలక బోల్టులు వదులు చేసి, బోర్ గేజీ దింపి నాకే పట్టించాడు. ముల్లు కదిలింది. మళ్లీ బిగించి దింపమన్నాడు. ముల్లు కదలకుండా నిలబడింది. మా షెడ్డులో ఈ పలక లేదు. నాన్న బోరు చేసిన వందలాది సిలిండర్లు బల్ల మీద గుండ్రంగా ఉండేవి. ఆ మాట శాచోకి చెప్పాలో వద్దో తేలక చెప్పేశాను. ఆయన ఒక్క క్షణం ఆలోచించి, అవి ఎలాంటి ఇంజన్లని అడిగాడు. లారీలవి, జీపులవి, డీజిలు పంపులవి అన్నాను. అయితే అవసరం లేదన్నాడు. తర్వాత వేలితో సిలిండరు గోడ తడిమి చూపిస్తూ, “మీ నాన్నగారు ఇలా చూసేవారా?” అన్నాడు. చూసేవారు. చూపుడువేలు కాదు, ఉంగరం వేలితో. దానికి కాయ కాయలేదని.

ఈ పనంతా చట్టం కంట పడకుండా సాగే వ్యవహారమని నాకు బయట నుంచి ఒక ఊహ ఉండేది. ఒకప్పుడు కొంత నిజమే కూడా. చాలా మార్పులు అక్రమం కిందికే వచ్చేవి, 1995లో నిబంధనలు బాగా సడలించారు. ఇప్పుడు ఈ షెడ్డులో ప్రతి పనికీ పక్కన ఒక అంకె ఉంటుంది. కొత్త కారుకి మూడేళ్లకి, ఆ తర్వాత రెండేళ్లకొకసారి షాకెన్ అనే తనిఖీ. నేలకీ కారు అడుగుకీ మధ్య 9 సెంటీమీటర్లు తగ్గకూడదు. పొడవు 3 సెంటీమీటర్లు, వెడల్పు 2, ఎత్తు 4, అంతకు మించి తేడా వస్తే మళ్లీ రిజిస్ట్రేషనులో రాయించాలి. సైలెన్సరు చప్పుడుకీ హద్దుంది. గోడకి ఒక చెక్కముక్క వేలాడుతోంది, సరిగ్గా 9 సెంటీమీటర్ల ఎత్తు, వాడివాడి అంచులు నల్లబడ్డాయి. తయారైన ప్రతి కారు కింద నుంచీ ఆ చెక్కని తోస్తారు. ఎక్కడైనా తగిలితే కారు షెడ్డు దాటదు.

తమాషా ఏమిటంటే హద్దులు కంపెనీలకీ ఉండేవి. 1989 నుంచి 2004 దాకా జపాను కంపెనీలన్నీ ఏ కారుకీ 280 గుర్రాల శక్తి మించదని తమలో తాము ఒప్పుకున్నాయి. గంటకి 180 కిలోమీటర్లు దాటకుండా కళ్లెం వేశారు. అందుకే ఆ కాలపు జపాను కార్లలో చాలావాటి మీటర్లు 180 దగ్గరే ఆగిపోతాయి. ఇంత బలమైన ఇంజను చేసి, కాగితం మీద 280 రాసి అమ్మారు. మిగతాది ఇలాంటి షెడ్ల వాళ్లకి వదిలేశారనిపిస్తుంది. హెచ్‌కేఎస్ అని ఇవాళ ప్రపంచమంతా తెలిసిన ట్యూనింగ్ భాగాల కంపెనీ 1973లో మొదలైంది ఫూజీ కొండ పాదాల దగ్గర ఒక పాడి పశువుల కొట్టంలో.

మధ్యాహ్నం మూడింటికి షట్టర్లు దించారు. పక్కింటావిడ ఆ వేళకి కూరగాయలకి వెళుతుందట, అప్పుడే కారుని రోలర్ల మీద నడిపిస్తారు. చక్రాలు రోలర్ల మీద, కారుని నాలుగు వైపులా పట్టీలతో నేలకి కట్టేశారు, ముందు పెద్ద ఫ్యాను. కంప్యూటరుని ఇంజను మెదడుకి తగిలించి, పెట్రోలు ఎంత పోయాలి, నిప్పురవ్వ ఎప్పుడు వేయాలి అన్నది ఒక పట్టికలో గడి గడికీ రాసుకుంటూ పోతారు. దీన్ని ‘గెన్షా సెత్తింగు’ అంటారు. ఎక్కడో తయారుచేసిన లెక్క తెచ్చి ఎక్కించకుండా, కళ్ల ముందున్న ఈ కారుకి ఈ కారు మీదే లెక్క కట్టడం. రెడీమేడు చొక్కాకీ ఒంటి కొలత తీసుకుని కుట్టిన చొక్కాకీ ఉన్నంత తేడా.

పెట్రోలు ఒక పాలుకి గాలి 14.7 పాళ్లు ఉంటే పూర్తిగా మండుతుందని పుస్తకం. టర్బో నిండా గాలి కుక్కుతున్నప్పుడు ఆ పుస్తకం పనికిరాదు. ఇంజను వేడెక్కి కరిగిపోకుండా పెట్రోలు ఎక్కువ పోసి, గాలి పదకొండు పన్నెండు పాళ్ల దగ్గర ఆపుతారు. తక్కువ తాగించడానికి స్క్రూ తిప్పిన చేతుల కింద పెరిగిన నాకు ఇది వినడానికే పాపంలా ఉంది. శాచో చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు. వాటి తీగ ఇంజను బ్లాకుకి అంటించిన మైకులోంచి వస్తోంది. కాసేపటికి అవి తీసి నాకు పెట్టాడు. హోరు. ఆ హోరు మధ్యలో ఒక్క చోట, తాలింపులో మొదటి ఆవగింజ చిట్లినట్టు, చిట్.

ఆయన వేలెత్తాడు. కాలు తీశాడు. నాకింగ్. ఆ గడిలో నిప్పురవ్వని ఒక డిగ్రీ వెనక్కి జరిపాడు. మళ్లీ నడిపారు. ఈసారి చిట్లలేదు. తెర మీద అన్ని రంగుల గీతలున్నా ఆయన చూడలేదు. కళ్లు మూసుకునే ఉన్నాడు.

ఈ రోజుల్లో ఎంత శక్తి అడుగుతున్నారని కాఫీ తాగుతూ అడిగాను. షెడ్డు బయట మిషనులోంచి వచ్చిన వేడి డబ్బా కాఫీ. ఇప్పుడు ఎవరూ అడగడం లేదన్నాడు. ఒకప్పుడు ఐదొందల గుర్రాలు, ఆరొందల గుర్రాలు కావాలనేవారు. ఇప్పుడు తుప్పు వదిలించమంటున్నారు. అమెరికాలో ఇరవై అయిదేళ్లు నిండిన కారుని దిగుమతి చేసుకోవచ్చు. 2014లో ఆర్32కీ 2024లో ఆర్34కీ ఆ వయసు వచ్చింది. దాంతో ధరలు ఆకాశానికి ఎక్కాయి. పాత కుర్రాళ్లు ఇరవయ్యేళ్ల కిందట జీతం డబ్బులతో కొన్న కార్లు ఇప్పుడు ఓడలెక్కి పోతున్నాయి. ఉన్నవాళ్లు వాటిని నడపడానికి భయపడుతున్నారు. నడపని కారుకి ట్యూనింగ్ ఎందుకు? ఈ మాట చెబుతూ ఆయన బాధపడినట్టేం లేదు. తుప్పు పనిలో డబ్బు బాగానే వస్తుందన్నాడు.

ఇక బయల్దేరదాం అనుకుంటుండగా మా బావమరిది షెడ్డు వెనక నుంచి పిలిచాడు. “బావా, ఇలా రా. ఇది మన బండి కాదూ?”

గుడ్డ కప్పిన చిన్న కారు. గుడ్డ ఒక మూల తొలిగి, వెనక అద్దం వాలు, తలుపు మీది గీత కనిపిస్తున్నాయి. ఆ గీత నాకు తెలియకపోవడమేమిటి. ఏపీ 16 నంబరుతో మా ఇంటి ముందు పదమూడేళ్లు నిలబడ్డ గీత అది. మారుతి 800.

శాచో గుడ్డ లాగేశాడు. ఆల్టో వర్క్స్, 1987. పసుపచ్చ నంబరు ప్లేటు, వెనక చిన్న స్పాయిలరు, పక్కల స్కర్టులు. మనది నాలుగు తలుపులది, ఇది రెండు తలుపులది. మిగతాదంతా ఆ పెట్టె ఆకారమే. 1984లో జపానులో వచ్చిన రెండో తరం ఆల్టో ఇది. 1986లో మారుతి 800 మార్చిన రూపు తీసుకున్నది ఈ ఆల్టో నుంచే. ఆ మరుసటి ఏడే సుజుకి వాళ్లు అదే ఒంట్లో టర్బో ఇంజను పెట్టి వర్క్స్ అని వదిలారు. 543 సీసీ, మూడు సిలిండర్లు, 64 గుర్రాలు. మన 800కి 796 సీసీ ఉండి కూడా చాలాకాలం నలభై గుర్రాలు దాటలేదు.

ఆ 64 అంకెకీ ఒక కథ ఉంది. ఇంత బుల్లి కారు అంత శక్తి ఇచ్చేసరికి, ఇంక పోటీ పెరిగితే ప్రమాదమని చిన్న కార్లన్నిటికీ అక్కడే గీత గీశారు. పెద్ద కార్ల 280 గీత 2004లో చెరిగిపోయింది. ఈ 64 ఇవాళ్టికీ ఉంది.

ఆల్టో పేరు గురించి కూడా అక్కడ ఒక ముచ్చట చెప్పుకుంటారు. ‘అరు తోకి వా’ అంటే ‘ఒక్కోసారి’ అని. ఒక్కోసారి ఆఫీసుకి, ఒక్కోసారి బజారుకి, ఒక్కోసారి షికారుకి. 1979లో మొదటి ఆల్టోని 4,70,000 యెన్లకి అమ్ముతూ ఒసాము సుజుకి ఈ చమత్కారం చేశాడట. పన్ను తగ్గుతుందని దాన్ని సరుకుల బండిగా రిజిస్టరు చేయించేవారు. ఈ వర్క్స్ కూడా కాగితాల మీద సామాన్ల వ్యానే. అందుకే వెనక సీటు పలకలా ఉంటుంది, మనిషి కోసం పెట్టినట్టుండదు.

“ఇది హనుమంతుడి కేసు బావా,” అన్నాడు మా వాడు. “మనవాడికి మారుతి అని పేరు పెట్టి, గాలి మాత్రం ఎక్కించలేదు. వీళ్లు జాంబవంతుడిలా గుర్తు చేశారు.” జాంబవంతుణ్ణి జపాను భాషలోకి అనువదించడానికి పావుగంట పట్టింది. శాచో ఎంతవరకు అర్థం చేసుకున్నాడో గానీ, కోతి ఎగిరే చోట మాత్రం బాగా నవ్వాడు.

దాని బోరు, స్ట్రోకు అట్టముక్క మీద రాశాడు: 62, 60. పక్కన మీది ఎంత అన్నట్టు చూశాడు. నేను కలం తీసుకుని రాశాను: 68.5, 72. ఆ అంకె కోసం నేను వెతుక్కోనక్కర్లేదు. రెండూ ఒకే కుటుంబం ఇంజన్లు. మీది బోరు చేశారా అన్నాడు. ఒకసారి, ట్వంటీ సైజు, మా నాన్నే చేశారన్నాను. ఆయన 68.5 కొట్టేసి 69 అని దిద్దాడు.

తాళం తీసుకుని “దోజో”, దయచేయమని, పక్క సీటు చూపించాడు. తలుపు వేస్తే అదే రేకు డబ్బా చప్పుడు. మోకాలు అదే చోట డ్యాష్‌బోర్డుకి తగిలింది. పొలాల మధ్య రోడ్డెక్కాం. ఫస్టు గేరులో ఆర్‌పీఎం సూది పైదాకా పోయింది. నా వెన్ను సీటుకి అంటుకుంది. ఈల, వెంటనే దాని వెనకే ఒక గర్జన. నా జీవితంలో 800 నుంచి అలాంటి చప్పుడు వినలేదు. మా బండి అలా అరిచిన రోజున టైమింగ్ బెల్టు తెగింది. అంతే, సెకండు గేరు వేసి స్పీడు సూదిని 40 దగ్గర నిలబెట్టాడు శాచో. రోడ్డు పక్కన 40 అని బోర్డుంది. కనుచూపు మేరలో మనిషి లేడు, బండి లేదు. తిరిగి షెడ్డు చేరేదాకా ఆ సూది 40 దాటలేదు.

దిగాక ముందు అద్దం చుట్టూ ఉన్న రబ్బరు బీడింగు చూపించాడు. ఎండకి పగిలిపోయి, మూలల్లో వేలు పెడితే రాలుతోంది. వానొస్తే నీళ్లు దిగుతాయి. జపానులో ఎక్కడా దొరకలేదట. మీ దేశంలో ఈ కారు ఎప్పటిదాకా చేశారని అడిగాడు. 2014 దాకా, పాతిక లక్షలకి పైగా అన్నాను. ఆయన భార్యని పిలిచి ఆ అంకె మళ్లీ నా చేత చెప్పించాడు. తర్వాత బీడింగు చివర అంగుళం ముక్క బ్లేడుతో కోసి, కాగితంలో చుట్టి, దాని అడ్డుకోత బొమ్మ గీసి, నాలుగు కొలతలు రాసి నా జేబులో పెట్టాడు.

వచ్చిన వారానికి ఆటోనగర్ వెళ్లాను. నాన్న షెడ్డు ఉన్న చోట ఇప్పుడు టైర్ల గోడౌను. వెనక వీధిలో పాత స్పేర్ పార్టుల కొట్టాయన నన్ను గుర్తుపట్టాడు. ముక్క చేతిలో పెట్టగానే చూడకుండానే చెప్పాడు.

“ఎయిట్ హండ్రెడ్ ముందద్దం బీడింగు. ఇంకా ఎవరికండీ ఇది?”

“జపానుకి.”

ఆయన నవ్వాడు. నిచ్చెనెక్కి, దుమ్ము దులుపుతూ అడిగాడు. “ఒరిజినలా, లోకలా?”

రెండూ పంపాను. నెలరోజులకి ఫొటో వచ్చింది. రెండు బీడింగుల్నీ అడ్డంగా కోసి, పక్కపక్కన పెట్టి, వెర్నియరుతో కొలిచి, కింద చిన్న అక్షరాలతో ఏదో రాశాడు శాచో. మా బావమరిదికి పంపితే చదివి చెప్పాడు. కారుకి లోకల్‌ది వేశాడట, మూలల్లో కొంచెం చెక్కాల్సి వచ్చిందట. ఒరిజినల్ సొరుగులో దాచుకున్నాడట. పూతరేకు మందం మళ్లీ కొలవాలి, వట్టి రేకులు ఇంకో కట్ట పంపగలరా అని అడిగాడట.